ఇంప్లాంట్ స్క్రూ మాటిమాటికీ వదులవుతోంది: వేరే కంపెనీ అబట్‌మెంట్ వేయించుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 64 ఏళ్లు. కింది దవడలో కుడివైపు పెద్ద దవడపన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించి ఏడాదిన్నర అయింది. ఈలోగా రెండుసార్లు క్యాప్ కదిలితే స్క్రూ బిగించి పంపారు. ఇప్పుడు మూడోసారి వదులైంది. మొదట చేసిన క్లినిక్ వరంగల్‌లో ఉంది, మీరు హైదరాబాద్ వచ్చేశారు. ఇక్కడి డాక్టర్‌గారు "ఇంప్లాంట్ ఏ కంపెనీదైనా పర్వాలేదు, కంపాటిబుల్ అబట్‌మెంట్ దొరుకుతుంది, కొత్త క్యాప్ వేసేద్దాం" అన్నారు. (అబట్‌మెంట్ అంటే ఎముకలోని ఇంప్లాంట్‌కీ పైన క్యాప్‌కీ మధ్య ఉండే ముక్క.) అన్ని కంపెనీల భాగాలూ నిజంగా ఒకదానికొకటి సరిపోతాయా, లేక మనల్ని ఏమారుస్తున్నారా అన్నది మీ అనుమానం.

నేను డాక్టర్ని కాదండీ. డెంటల్ ల్యాబ్ నడుపుతాను. ఇంప్లాంట్ మీదకి వచ్చే అబట్‌మెంట్లు, క్యాప్‌లు, బ్రిడ్జిలు తయారు చేయడమే మా పని. వైద్యం గురించి మీ డాక్టర్ మాటే వినండి. ఏ ముక్క ఏ ముక్క మీద ఎలా కూర్చుంటుందో మాత్రం రోజూ మైక్రోస్కోప్ కింద చూస్తుంటాను కాబట్టి ఆ సంగతి చెప్తాను.

మీ డాక్టర్ మోసం చేస్తున్నారని నేననుకోవడం లేదు. కంపాటిబుల్ భాగాలు, అంటే ఒక కంపెనీ ఇంప్లాంట్‌కి సరిపోయేలా వేరే కంపెనీ చేసే భాగాలు, ప్రపంచమంతటా వాడతారు, మేమూ వాడతాం. కానీ "ఏ కంపెనీదైనా పర్వాలేదు" అన్న మాటని మాత్రం ఒప్పుకోను. అంతకంటే ముఖ్యం, మూడోసారి వదులైందంటే ఎందుకు వదులవుతోందో తేల్చకుండా కొత్త క్యాప్ వేయించుకోవద్దు. కారణం అలాగే ఉంటే కొత్తదీ వదులవుతుంది.

ముందుగా కదులుతున్నది ఏదో చూడాలి. ఎముకలో ఉండే టైటానియం ముక్కని మేం ఫిక్చర్ అంటాం. దాని మీద కూర్చునేది అబట్‌మెంట్. రెండింటినీ కలిపేది లోపలి స్క్రూ. పైన కనిపించే పన్ను క్యాప్. క్యాప్ అటూ ఇటూ తిరుగుతూ, నొప్పి పెద్దగా లేకపోతే సాధారణంగా స్క్రూ వదులైనట్టు, లేదా క్యాప్ అంటించిన సిమెంట్ ఊడినట్టు. ఫిక్చరే కదులుతుంటే, నొక్కితే నొప్పి, చీము, వాపు ఉంటే అది ఎముకకు సంబంధించిన సమస్య. అప్పుడు నేను కింద రాసేవేవీ పనికిరావు, డాక్టర్ వేరే దారి చూస్తారు. మీరు రాసినదాన్ని బట్టి స్క్రూ సమస్యేనని అనుకుని చెప్తున్నాను.

స్క్రూ గురించి చాలామందికి ఉన్న ఊహ ఏమిటంటే, అది మేకులా అబట్‌మెంట్‌ని అడ్డుపడి పట్టుకుంటుందని. అలా కాదు. బిగించినప్పుడు స్క్రూ అతి కొద్దిగా సాగుతుంది. సాగిన లోహం మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే అబట్‌మెంట్‌ని ఫిక్చర్ మీద అదిమిపెట్టి ఉంచుతుంది. దీన్ని ప్రీలోడ్ అంటారు. నమిలేటప్పుడు రెండు ముక్కల్నీ విడదీయాలని చూసే బలం ఈ ప్రీలోడ్ కంటే తక్కువగా ఉన్నంతకాలం స్క్రూ వదులవదు. డాక్టర్ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో తిప్పుతున్నారో, అంటే టార్క్ ఎంతో, చూపే పానాతో) బిగించేది కంపెనీని బట్టి సాధారణంగా 20 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. అందులో దాదాపు పదో వంతు మాత్రమే ప్రీలోడ్‌గా మారుతుంది. మిగిలినదంతా స్క్రూ తల కిందా, దాని చుట్ల (మరల) దగ్గరా రాపిడికే పోతుంది.

పైగా బిగించిన కాసేపటికే కొంత ప్రీలోడ్ తగ్గుతుంది. ఎంత నున్నగా కనిపించే లోహం మీదైనా సన్నని మిట్టలుంటాయి. ఒత్తిడికి అవి నలిగి చదునవుతాయి. అలా 2 నుంచి 10 శాతం దాకా పోతుందని లెక్క. అందుకే బిగించాక 10 నిమిషాలు ఆగి అదే టార్క్‌తో ఇంకోసారి బిగించమంటారు. ఆ 10 నిమిషాలు ఆగని క్లినిక్కులు చాలా ఉన్నాయి. బయట పేషెంట్లు కూర్చుని ఉంటారు, పైగా టార్క్ రెంచ్ ఒకసారి టక్‌మన్నాక ఇంకేముందిలే అనిపిస్తుంది.

ఇప్పుడు భాగాలు సరిగా కలవకపోతే ఏమవుతుందో చూడండి. అబట్‌మెంట్ పూర్తిగా దిగలేదు, ఎక్కడో ఒక పక్క తగులుకుని ఆగింది అనుకుందాం. అప్పుడు కూడా రెంచ్ 30 చూపిస్తుంది. ఆ 30 ఎక్కడ ఖర్చయిందో రెంచ్‌కి తెలియదు కదా. కొంత ఆ తగులుకున్న చోటుని నొక్కడానికే పోయింది. స్క్రూ సరిపడా సాగలేదు. నాన్నగారు నాలుగు వారాలు నమిలేసరికి ఆ తగులుకున్న చోటు అరిగి, ఉన్న కాస్త బిగువూ పోతుంది. డాక్టర్ మళ్లీ 30 పెడతారు, మళ్లీ అదే కథ.

పూర్తిగా దిగకుండా అడ్డుపడేవి ఏమిటంటే, నా అనుభవంలో మొదటి అనుమానితుడు పక్క పన్ను. క్యాప్‌కీ పక్క పంటికీ మధ్య కాంటాక్ట్ మరీ బిగుతుగా ఉంటే, కింద అబట్‌మెంట్ చక్కగా చేసినదైనా సరే, పైన క్యాప్ ఇరుక్కుపోయి కిందికి దిగదు. సహజమైన పన్నయితే వేరు చుట్టూ మెత్తని పొర ఉంటుంది కాబట్టి కాస్త జరిగి చోటిస్తుంది. ఇంప్లాంట్ ఎముకకి అతుక్కుని ఉంటుంది, కొన్ని మైక్రాన్లకు మించి కదలదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందుకే క్యాప్ పెట్టాక రెండు పక్కలా ఫ్లాస్ దారం పోనిచ్చి చూస్తారు. అసలు దూరకపోయినా, చిరిగిపోతున్నా కాంటాక్ట్ తగ్గించాలి. ల్యాబ్‌లో ప్లాస్టర్ మోడల్ మీద బాగానే ఉంది కదా అంటే, మోడల్ మీద పళ్లను మేం రంపంతో కోసి విడదీసి పనిచేస్తాం, అవి రవ్వంత కదులుతాయి.

రెండోది చిగురు, ఎముక. ఫిక్చర్‌ని ఎముక అంచుకన్నా కిందికి దించి పెట్టినప్పుడు అబట్‌మెంట్ నడుం భాగం ఎముకకి తగిలి ఆగిపోతుంది. దీన్ని డాక్టరే సరిచేస్తారు.

మూడోది మీరు అడిగిన విషయం, అంటే అసలు ఆ రెండు ముక్కలూ ఒకదానికోసం ఒకటి చేసినవేనా అన్నది.

"ఏదైనా సరిపోతుంది" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఆధునిక ఇంప్లాంట్లు స్వీడన్‌లో మొదలయ్యాయి. పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1965లో మొదటి పేషెంటుకి టైటానియం ఫిక్చర్లు పెట్టారు. ఆయన ఫిక్చర్ తల మీద 0.7 మిల్లీమీటర్ల ఎత్తు, 2.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆరు పలకల హెక్స్ ఉండేది. నిజానికి అది ఫిక్చర్‌ని ఎముకలోకి తిప్పి దించడానికి పెట్టిన తల, పన్ను తిరగకుండా ఆపడానికి కాదు. తర్వాత ఒక్కో పన్నుకి ఒక్కో ఇంప్లాంట్ పెట్టడం మొదలయ్యాక ఆ పొట్టి హెక్సే ఆ పని కూడా చేయాల్సి వచ్చింది. చాలా కంపెనీలు అదే కొలతతో ఎక్స్‌టర్నల్ హెక్స్ (హెక్స్ పైకి పొడుచుకొచ్చి ఉండే) ఇంప్లాంట్లు చేశాయి. అప్పట్లో ఒకరి అబట్‌మెంట్ ఇంకొకరి ఫిక్చర్ మీద కూర్చునేది. ఆ తర్వాత అమెరికాలో వచ్చిన ఒక ఇంటర్నల్ హెక్స్ (హెక్స్ గుంట ఫిక్చర్ లోపలే ఉండేది) కొలతని ఇజ్రాయెల్ కంపెనీలు చాలావరకు అనుసరించాయి. అవి కూడా కాగితం మీద ఒకే కొలత. మన దగ్గర పెద్ద డాక్టర్లు చాలామంది ఈ రెండు రకాలతోనే పని నేర్చుకున్నారు. ఆ అలవాటు మాటే ఇప్పటికీ వినిపిస్తుంది.

కాగితం మీద ఒకే కొలత అయినా పట్టు ఒకేలా ఉండదు. హెక్స్‌కీ దాని మీద కూర్చునే గుంటకీ మధ్య ఎంతో కొంత ఖాళీ వదలాలి, లేకపోతే దిగదు. ఆ ఖాళీ వల్ల అబట్‌మెంట్ రవ్వంత తిరుగుతుంది. 1990లలో చేసిన ప్రయోగాల్లో ఈ తిరుగుడు 2 డిగ్రీల లోపు ఉన్న జాయింట్లే ఎక్కువ నిలబడ్డాయి, ఖాళీ పెరిగినకొద్దీ స్క్రూ తొందరగా వదులైంది. అసలు కంపెనీ దగ్గర డ్రాయింగ్ ఉంటుంది. ఈ కొలత ఇంతకి మించకూడదు, ఇంతకి తగ్గకూడదు అని రెండు ముక్కలకీ కలిపి రాసుకుంటారు. కాపీ చేసే కంపెనీ ఆ డ్రాయింగ్ లేకుండా మార్కెట్లో కొన్న కొన్ని ముక్కల్ని కొలిచి చేస్తుంది. వాళ్లు కొలిచిన ముక్క ఆ హద్దుల్లో ఏ చివర ఉందో వాళ్లకి తెలియదు. మంచి కంపెనీలు ఎక్కువ నమూనాలు కొలిచి, మంచి మిషన్ల మీద చేసి, తామే వారంటీ ఇస్తాయి. చౌకరకం వాళ్లు ఆ తంటాలు పడరు. రెండూ "కంపాటిబుల్" అన్న పేరుతోనే అమ్ముడవుతాయి.

ఇప్పుడు వచ్చే ఇంప్లాంట్లలో ఎక్కువ భాగం కోనికల్ కనెక్షన్‌వి. ఫిక్చర్ లోపల కిందికి సన్నబడే ఏటవాలు గోడ, అదే వాలుతో అబట్‌మెంట్. రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే ఎలా పట్టేస్తాయో ఇదీ అలాగే పడుతుంది. ఇక్కడ కంపెనీ మారితే కోణమే మారిపోతుంది. ఆస్ట్రా టెక్‌ది 11 డిగ్రీలు. కొరియా ఆస్టెమ్ టీఎస్ కూడా 11 డిగ్రీలే, అయినా ఒకదాని అబట్‌మెంట్ ఇంకోదానికి రాదు, లోపలి కొలతలు వేరు. స్ట్రామన్‌లో పాత టిష్యూ లెవెల్ రకానికి 8 డిగ్రీలు, బోన్ లెవెల్‌కి 15, బీఎల్ఎక్స్‌కి 7. చూశారుగా, ఒక్క కంపెనీలోనే మూడు. అదే ఆస్టెమ్‌లో సన్న ఇంప్లాంట్లకి మినీ, మిగతావాటికి రెగ్యులర్ అని రెండు కనెక్షన్లు. కాబట్టి "స్ట్రామన్ అబట్‌మెంట్ పంపండి", "ఆస్టెమ్‌ది పంపండి" అంటే మాకు చాలదు. ఏ సిస్టమ్ (ఇంప్లాంట్ రకం), ఏ ప్లాట్‌ఫామ్ (అబట్‌మెంట్ కూర్చునే చోటు కొలత) అన్నది కావాలి.

కోణంలో ఒక డిగ్రీ తేడా ఉన్నా అబట్‌మెంట్ దిగుతుంది, స్క్రూ పడుతుంది, టార్క్ వస్తుంది. ఎక్స్‌రేలో కూడా బాగానే కనిపించొచ్చు. కానీ గోడంతా ఆనుకోవాల్సింది పై అంచునో కింది అంచునో ఒక సన్నని గీత మీద మాత్రమే ఆనుకుంటుంది. నమిలినప్పుడల్లా ఆ గీత మీదే ఊగుతుంది. ఇదే నన్ను ఎక్కువ భయపెట్టే తప్పు, ఎందుకంటే మొదటిరోజు ఎవరికీ తెలియదు.

మా దగ్గరికి తిరిగొచ్చిన అబట్‌మెంట్లని మైక్రోస్కోప్ కింద పెడితే చాలా సంగతులు బయటపడతాయి. ఫ్యాక్టరీలో మిషన్ మీద కోసిన అబట్‌మెంట్ అడుగున సన్నని గుండ్రటి గీతలు వరసగా ఉంటాయి, అంచు పదునుగా ఉంటుంది. కాస్టబుల్ అనే ప్లాస్టిక్ అచ్చుముక్క మీద మైనం కట్టి లోహం పోసి చేసినదైతే అడుగున గరుకు, అక్కడక్కడా చిన్న బుడిపెలు, పాలిష్ చేసేటప్పుడు గుండ్రంగా అరిగిన అంచు కనిపిస్తాయి. ఎంత చేయి తిరిగిన టెక్నీషియన్ చేసినా కాస్టింగ్ మిషన్ పనికి సాటి రాదు. నేను కాస్టబుల్ మానేసింది అందుకే. ఖర్చు తగ్గుతుందని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఇంకో రకం జిర్కోనియా, అంటే తెల్లటి గట్టి సిరామిక్. మొత్తం అబట్‌మెంట్ జిర్కోనియాతోనే చేసి నేరుగా టైటానియం ఫిక్చర్‌లో కూర్చోబెడితే, గట్టిగా ఉన్న జిర్కోనియా మెత్తని టైటానియాన్ని అరగదీస్తుంది. అలాంటిది తీసినప్పుడు అడుగున బూడిద నల్లటి మరక అంటుకుని ఉంటుంది. అది అరిగిన టైటానియం. అందుకే ఇప్పుడు కింద టై-బేస్ అనే చిన్న టైటానియం పీఠం, దాని మీద జిర్కోనియా క్యాప్ అంటించడం మామూలైంది.

అరుగుదల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. స్క్రూ పోతే ఇంకో స్క్రూ వేస్తాం. అబట్‌మెంట్ పోతే ఇంకోటి. ఫిక్చర్ లోపలి హెక్స్ మూలలు గుండ్రమైనా, కోన్ గోడ అరిగినా దాన్ని నోట్లో బాగుచేసే దారి లేదు, తీసేయడమో ఏదో ఒకలా సర్దుకోవడమో. వదులైన క్యాప్‌తో నెలల తరబడి నమిలినా ఇదే జరుగుతుంది. స్క్రూ లోపలే విరిగినా విరగొచ్చు. కాబట్టి నాన్నగారిని ఇప్పటినుంచే ఆ పక్కన నమలొద్దనండి. వక్కపొడి అలవాటుంటే అది కూడా.

స్క్రూ విషయంలోనూ కలగాపులగం చేస్తారు. స్క్రూ తల కొన్నింటికి అడుగున చదునుగా ఉంటుంది, కొన్నింటికి ఏటవాలుగా. అబట్‌మెంట్ లోపల అది ఆనే చోటు కూడా దానికి తగ్గట్టే ఉండాలి. అసలు కంపెనీ స్క్రూ అయితే మంచిదని వేరే కంపెనీ టై-బేస్‌లో దాన్ని పెట్టేవాళ్లున్నారు. అది తప్పు. టై-బేస్ ఎవరిదో దాంతో వచ్చిన స్క్రూనే వాడాలి. ఇంకోటి, ల్యాబ్‌లో క్యాప్ చేసేటప్పుడు స్క్రూని పదిసార్లు బిగించి విప్పుతాం, ఒక్కోసారి దాని మీద ఇసుక కూడా పడుతుంది. ఆ స్క్రూ ల్యాబ్‌లోనే ఉండిపోవాలి. నోట్లోకి కొత్త స్క్రూ వెళ్లాలి. మీ డాక్టర్‌గారిని ఈ ఒక్కటి తప్పకుండా అడగండి, మొహమాటపడకండి.

మంచి ఫిట్ ఉన్నా క్యాప్ ఆకారం వల్ల కూడా వదులవుతుంది. సన్న ఇంప్లాంట్ మీద వెడల్పాటి దవడపన్ను పెడితే, అంచు మీద పడే ప్రతి దెబ్బా స్క్రూని వంచాలని చూస్తుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే చెప్పక్కర్లేదు. క్యాప్ వెడల్పు తగ్గించి, కొరుకు నడిమధ్యలో తగిలేలా చేస్తే చాలావరకు కుదురుతుంది. రాత్రిపూట పెట్టుకునే గార్డ్ కూడా ఇస్తారు.

ఎక్స్‌రే గురించి. క్యాప్ పెట్టాక చిన్న ఎక్స్‌రే తీసి ఫిక్చర్‌కీ అబట్‌మెంట్‌కీ మధ్య గీత ఉందా అని చూడాలి. కానీ కిరణం ఏటవాలుగా వెళ్తే ఉన్న సందు కూడా కనపడదు. మీరే చూసి తెలుసుకునే గుర్తు ఒకటి చెప్తాను. ఫిల్ములో ఇంప్లాంట్ మరలు రెండు పక్కలా పదునుగా, విడివిడిగా కనిపించాలి. ఒక పక్క మసకగా కలిసిపోయి ఉంటే ఆ ఎక్స్‌రేతో ఫిట్ గురించి ఏమీ చెప్పలేం, మళ్లీ తీయాలి. అలాగే అబట్‌మెంట్ ఫిక్చర్ కన్నా సన్నగా కనిపిస్తే కంగారు పడకండి. దాన్ని ప్లాట్‌ఫామ్ స్విచింగ్ అంటారు, కావాలనే అలా చేస్తారు. ఇది అనుకోకుండా దొరికింది. 1991 ప్రాంతంలో ఒక అమెరికా కంపెనీ వెడల్పాటి ఇంప్లాంట్లు తెచ్చింది, వాటికి సరిపోయే వెడల్పు అబట్‌మెంట్లు అప్పటికి లేవు. డాక్టర్లు ఉన్న 4.1 మిల్లీమీటర్లవే వాడేశారు. ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలు చూస్తే అక్కడ ఎముక మామూలుకన్నా తక్కువ తగ్గింది. ఇప్పుడు చాలా కంపెనీలు అదే పద్ధతి.

సందు ఉంటే స్క్రూ వదులవడం ఒక్కటే కాదు, వాసన కూడా వస్తుంది. బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్ల సైజు. అవి దూరడానికి పెద్ద ఖాళీ అక్కర్లేదు. వదులైన స్క్రూ విప్పగానే వచ్చే దుర్వాసన దానిదే. మళ్లీ బిగించే ముందు లోపలంతా శుభ్రం చేయాలి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక్క మాట. నోరంతా ఇంప్లాంట్ల మీద ఒకే బ్రిడ్జి పెట్టించుకునేవాళ్లకి ఇదంతా ఇంకా కీలకం, ఎందుకంటే నాలుగైదు చోట్ల ఒకేసారి సరిపోవాలి. ఒక చివర స్క్రూ ఒక్కటే బిగించి, రెండో చివర బ్రిడ్జి పైకి లేస్తోందా అని డాక్టర్ చూడాలి. లేస్తే మిగతా స్క్రూలతో లాగి కూర్చోబెట్టడం కాదు, బ్రిడ్జి మళ్లీ చేయాలి.

ఇక మీరు చేయాల్సింది. వరంగల్ క్లినిక్‌కి ఫోన్ చేసి ఇంప్లాంట్ స్టిక్కర్ ఫొటో అడగండి. ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీదా కంపెనీ, సిస్టమ్, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి పీకి కేస్ షీట్‌లో అంటిస్తారు. పేషెంటుకి కార్డు ఇచ్చి ఉంటే ఇంట్లో ఫైల్లో ఉంటుంది. అమెరికాలో ఉండి సెలవులకి వచ్చి ఇక్కడ ఇంప్లాంట్ పెట్టించుకునేవాళ్లకి కూడా ఇదే చెప్తుంటాను. అక్కడికెళ్లాక స్క్రూ వదులైతే, పేరు తెలియని ఇంప్లాంట్‌ని ముట్టుకోవడానికి అక్కడి డాక్టర్ వెనకాడతారు. విప్పే డ్రైవర్ కూడా కంపెనీని బట్టి మారుతుంది. ఆరు పలకలది ఉంటుంది, నక్షత్రం ఆకారంది ఉంటుంది. తప్పు డ్రైవర్‌తో తిప్పితే స్క్రూ తల నలిగిపోతుంది.

స్టిక్కర్ దొరికితే అసలు కంపెనీ అబట్‌మెంటే వేయించుకోమని నా సలహా. ఒక్క పన్నుకి ఆ తేడా ఖర్చు పెట్టదగ్గదే. అది దొరకని పక్షంలో, ఆ ప్లాట్‌ఫామ్ పేరు రాసి వారంటీ ఇచ్చే కంపాటిబుల్ పర్వాలేదు. స్టిక్కర్ దొరక్కపోతే ఎక్స్‌రేలోని ఆకారాన్ని బట్టి, విప్పి తీసిన అబట్‌మెంట్ అడుగుని బట్టి చాలావరకు పోల్చుకోవచ్చు.

కాబట్టి పాత అబట్‌మెంట్‌నీ పాత స్క్రూనీ పారేయనివ్వకండి. క్యాప్‌తో సహా ఒక చిన్న డబ్బాలో వేసి ఇవ్వమని డాక్టర్‌గారిని అడగండి, ల్యాబ్‌కి వెళ్లేటప్పుడు అవి కూడా వెళ్లాలి. అడుగు భాగం, కాంటాక్ట్ ఉన్న పక్కలు, ఎక్స్‌రే ఫొటోలు తీసి ఇక్కడ పెడితే ఎక్కడ తగులుకుంటోందో నేనూ చూసి చెప్తాను. ఫొటోలో నాన్నగారి పేరు, ఫోన్ నంబర్ కనపడకుండా చూసుకోండి.